కారు సొట్టకు డ్రైవరు జీతం కోయడం న్యాయమేనా?

సంపాదకుల వారికి,

నమస్కారాలు. మేముంటున్న అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో పోయిన నెల ఒక తీర్మానం ప్రతిపాదనకు వచ్చింది. వాచ్‌మన్ గానీ, ఏ ఫ్లాటు వారి డ్రైవరు గానీ సెల్లారులో ఎవరి కారుకైనా సొట్ట పెడితే, మరమ్మతు ఖర్చు మొత్తం అతని జీతం నుంచే నెలనెలా పట్టుకోవాలన్నది దాని సారాంశం. ఒప్పుకోనిది నేనొక్కదాన్నే. తీర్మానం వచ్చే నెలకు వాయిదా పడింది. ఆ రోజు నేను కూడదీసుకొని చెప్పలేకపోయిన మాటలను మీ పత్రిక ద్వారా చెప్పాలనుకుంటున్నాను. సొంత కారు, దాన్ని నడపడానికి జీతం మీద ఒక మనిషి ఉన్న ఇళ్లు ఇప్పుడు హైదరాబాదులోనే కాదు, విజయవాడ, విశాఖపట్నం, వరంగల్ వంటి ఊళ్లలోనూ తక్కువేమీ లేవు. ఆ ఇళ్లన్నింటికీ ఈ ప్రశ్న ఏదో ఒకరోజు ఎదురయ్యేదే.

ముందుగా మా ఇంట్లో జరిగింది చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా దగ్గర 35 ఏళ్ల మనిషి డ్రైవరుగా పనిచేసేవాడు. జీతం నెలకు 16,000 రూపాయలు. ఒక పెళ్లి రిసెప్షన్ నుంచి మమ్మల్ని ఇంటికి తెచ్చేసరికి రాత్రి పన్నెండున్నర దాటింది. తెల్లవారుజామున మా అబ్బాయిని శంషాబాద్ విమానాశ్రయానికి దించాలి కనుక నాలుగింటికల్లా వచ్చేయమని చెప్పి పంపాం. అతను తన మోటారు సైకిల్ మీద ఇల్లు చేరి, రెండు గంటలు పడుకున్నాడో లేదో, చెప్పిన వేళకు వచ్చాడు. అబ్బాయిని దించి తిరిగి వస్తూ, ఆరున్నర ప్రాంతంలో, సర్వీసు రోడ్డులో డివైడరును గుద్దాడు. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. ఎడమవైపు హెడ్‌లైటు పగిలింది, బంపరు ఊడి వేలాడింది, ఫెండరు లోపలికి నొక్కుకుపోయింది. అతను బండిని గేటు లోపల ఆపి, ఇంట్లోకి రాకుండా దాని పక్కనే నిలబడ్డాడు. నేను కిందికి వెళితే, "రెప్పపాటు కన్ను మూతపడిందమ్మా, సార్‌కు మీరే చెప్పండి" అన్నాడు.

షెడ్డు వాళ్లు వేసిన లెక్క 23,400 రూపాయలు. బంపరుకు 4,800, హెడ్‌లైటుకు 6,200, ఫెండరుకు 3,400, డెంటింగు, పెయింటింగు, కూలీ కలిపి 9,000. కారుకు పూర్తి బీమా ఉంది. కానీ మేము బీమా కంపెనీకి చెప్పలేదు. నాలుగేళ్లుగా ఒక్క క్లెయిము కూడా చేయలేదు గనుక మాకు ప్రీమియంలో 45 శాతం రాయితీ, అంటే నో క్లెయిమ్ బోనస్, ఉందనీ, ఇప్పుడు క్లెయిము చేస్తే అది పోతుందనీ ఏజెంటు చెప్పాడు. ఆ మాట విని మా వారు డ్రైవరు జీతంలో నెలకు 2,000 రూపాయల చొప్పున పట్టుకుందామన్నారు. నేను సరేనన్నాను. ఆ నిర్ణయంలో నా వంతు తప్పు నాదే. పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఒకవైపు పేజీలో "కారు – 2,000" అని నెలనెలా రాశాను. ఏడు వరుసలు అయ్యాక అతను పని మానేసి వెళ్లిపోయాడు.

ఆ తరువాత ఒకరోజు పాలసీ కాగితాలు ముందు పెట్టుకొని లెక్క కట్టి చూశాను. క్లెయిము చేసి ఉంటే ప్లాస్టిక్ భాగాలైన బంపరు, హెడ్‌లైట్ల మీద తరుగుదల 50 శాతం, అంటే 5,500 మాకు పడేది. నాలుగేళ్లు దాటిన బండి కనుక లోహపు ఫెండరు మీద 35 శాతం, అంటే 1,190. మాది 1,500 సీసీ లోపు కారు కనుక క్లెయిములో మేమే భరించవలసిన తప్పనిసరి మినహాయింపు 1,000. రంగు మీద మరికొంత తీసేసినా, బీమా కంపెనీ నుంచి సుమారు 15,000 రూపాయలు వచ్చేవి. మేము పోగొట్టుకునే బోనస్, కారు నష్టానికి సంబంధించిన ప్రీమియం 8,600 మీద 45 శాతం, అంటే మొదటి ఏడాదికి 3,870. తరువాతి ఏళ్లలో రాయితీ మళ్లీ 20, 25, 35 శాతాల మెట్లు ఎక్కే దాకా మరికొంత.

ఈ లెక్కలో నన్ను కలవరపెట్టింది మొత్తం కాదు. బోనస్ ఎవరిది? మాది, మా పేరు మీద ఉన్నది, కారు మార్చినా మాతోనే కొత్త కారు పాలసీకి వచ్చేది. దాన్ని కాపాడుకోవడానికి మేము వాడినది అతని జీతం. బీమాకు ప్రీమియం కట్టిందే ఇలాంటి రోజు కోసమని తెలిసి కూడా, ఆ బీమాను ముట్టకుండా, నెలకు 16,000 సంపాదించే మనిషిని మా బీమా కంపెనీగా మార్చుకున్నాం. జీతం కోసే ఇళ్లలో చాలావాటిలో జరుగుతున్నది ఇదేనని నా గట్టి నమ్మకం. యజమాని అనుమతితో, సరైన లైసెన్సు ఉన్నవారు ఎవరు నడిపినా కారు నష్టం మామూలు సమగ్ర పాలసీ కిందికి వస్తుంది. డ్రైవరు నడుపుతుండగా జరిగింది కాబట్టి బీమా రాదనే మాట మా సమావేశంలో ఇద్దరు ముగ్గురు అన్నారు. అది సరైనది కాదు.

ఇక దెబ్బ తగిలింది కారుకు కాక రోడ్డు మీది మనిషికైతే, చట్టం ఎప్పుడో తేల్చింది. జీతం తీసుకునేవాడు యజమాని పని మీద ఉండగా చేసిన అజాగ్రత్తకు యజమాని జవాబుదారీ. మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో డ్రైవరు, కారు యజమాని, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేరుస్తారు. తీర్పు సొమ్మును సాధారణంగా చెల్లించేది బీమా కంపెనీ. మరణానికీ, గాయాలకూ ఆ బాధ్యతకు మామూలుగా పైపరిమితి లేదు. ఎదుటివారి ఆస్తికి నష్టమైతే ప్రైవేటు కారు విషయంలో 7.5 లక్షల రూపాయల దాకా పాలసీ భరిస్తుంది. అంటే లక్షల్లో ఉండే పెద్ద నష్టాన్ని డ్రైవరు నెత్తిన వేయకూడదని చట్టం అనుకుంటుండగా, వేలల్లో ఉండే చిన్న నష్టాన్ని మాత్రం మనం అతని నెత్తిన వేస్తున్నాం. జైలు శిక్షను మాత్రం ఎవరూ పంచుకోలేరు. నిర్లక్ష్యంగా నడిపి మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలు డ్రైవరుకే. లైసెన్సు పోయేదీ అతనిదే. జీతం కోయకపోతే డ్రైవరుకు భయం ఉండదనేవారు ఈ సంగతి మరిచిపోతున్నారు. పైగా గుద్దిన క్షణంలో స్టీరింగు వెనుక ఉన్నది అతని శరీరమే.

లైసెన్సు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన అపార్ట్‌మెంట్లలో అసలు ప్రమాదం అక్కడుంది. సెల్లారులో ఒకరి కారు వెనుక ఒకరి కారు పెట్టుకొని, తాళాలన్నీ వాచ్‌మన్ గది గోడకు మేకులకు తగిలించి, పొద్దున్నే "ఆ తెల్ల బండి కాస్త వెనక్కి తియ్యి" అని కేకేయడం మా దగ్గర రోజూ చూస్తాను. మా వాచ్‌మన్‌కు లైసెన్సు లేదు. అతను ఊళ్లో ట్రాక్టరు నడిపాడన్న ఒక్క నమ్మకంతో పదిమంది తమ కార్లను అతని చేతిలో పెట్టారు. మోటారు వాహనాల చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేని మనిషిని నడపనివ్వడం యజమాని చేసిన నేరం. 180వ సెక్షను కింద దానికి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అలాంటప్పుడు కారు నష్టానికి బీమా కంపెనీ చెల్లించదు. సెల్లారు ర్యాంపు మీద ఆడుకునే పిల్లవాడికి ఏమైనా అయితే, కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, ఆ సొమ్మును తిరిగి కారు యజమాని నుంచి వసూలు చేసుకొమ్మని కోర్టులు ఆదేశించిన సందర్భాలు ఎన్నో. ఇంత బాధ్యత తాళం ఇచ్చినవారిది కాగా, ఖర్చు వాచ్‌మన్ జీతంలోంచి పట్టాలని తీర్మానం చేయడం, చట్టం మన మీద పెట్టినదాన్ని అతని మీదకు తోసేయడమే అవుతుంది.

లైసెన్సు చూసి పెట్టుకున్న యజమానికి మాత్రం సుప్రీంకోర్టు అండగా నిలిచింది. 2004 నాటి స్వరణ్ సింగ్ కేసులో, లైసెన్సు లోపాన్ని చూపించి బీమా కంపెనీ తప్పించుకోవాలంటే యజమాని అజాగ్రత్తను అదే నిరూపించాలని చెప్పింది. 2013 నాటి పెప్సు రోడ్డు రవాణా సంస్థ కేసులో, డ్రైవరును తీసుకునేటప్పుడు లైసెన్సు చూసి, నడపగలడో లేదో పరీక్షించి పనిలో పెట్టుకున్న యజమాని, ఆ లైసెన్సు అసలుదా నకిలీదా అని రవాణా కార్యాలయానికి వెళ్లి ఆరా తీయనక్కరలేదని తేల్చింది. కాబట్టి పనిలో చేర్చుకునే రోజే లైసెన్సు చూసి, ఒక నకలు తీసి దగ్గర ఉంచుకొని, బండెక్కి పక్కన కూర్చొని రెండు రోజులు చూడటం ఎవరికైనా సాధ్యమే. గడువు తీరే తేదీని క్యాలెండరులో రాసుకోవడం కూడా.

డ్రైవరుకే దెబ్బ తగిలితే ఏమిటన్నది ఇళ్లలో ఎవరూ ఆలోచించని విషయం. పాలసీలో 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందని చూసి మేమూ నిశ్చింతగా ఉన్నాం. అది యజమాని తానే నడుపుతున్నప్పుడు యజమానికి వర్తించేది. జీతం తీసుకునే డ్రైవరుకు దాని నుంచి ఒక్క రూపాయి కూడా రాదు. 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయేదాకా అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మాత్రం మోటారు వాహనం మీద డ్రైవరుగా పెట్టుకున్న మనిషిని స్పష్టంగా తన పరిధిలోకి తీసుకుంది. పనిలో ఉండగా 35 ఏళ్ల డ్రైవరు మరణిస్తే, లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000 కనుక, అందులో సగాన్ని ఆ వయసుకు చట్టం పట్టికలో ఉన్న 197.06తో గుణించి 14,77,950 రూపాయలు అతని కుటుంబానికి చెల్లించవలసి ఉండేది. ఆ అంకె మా డ్రైవరు వయసుకూ, జీతానికీ సరిగ్గా సరిపోవడం చూసి నాకు చాలాసేపు చేయి ఆడలేదు. పాలసీలో "జీతం తీసుకునే డ్రైవరు పట్ల చట్టపరమైన బాధ్యత" అని ఒక వరుస ఉంటుంది. దానికి ఏడాదికి అదనపు ప్రీమియం 50 రూపాయలు. మా పాలసీలో ఆ వరుస ఎదురుగా సున్నా ఉంది. ఆ వరుస నింపమని ఏజెంటు అడగలేదు, మేమూ చూడలేదు.

అజాగ్రత్త చేసిన ఉద్యోగి నుంచి నష్టం రాబట్టుకునే హక్కు యజమానికి చట్టంలో అసలే లేదని నేననను. ఇంగ్లండులో 1957లో లిస్టర్ కేసు అని ఒకటి నడిచింది. ఒక కంపెనీలో కొడుకు లారీ డ్రైవరు, తండ్రి అదే కంపెనీలో పనివాడు. కొడుకు లారీ వెనక్కి తీస్తూ తండ్రిని గుద్దాడు. బీమా కంపెనీ తండ్రికి పరిహారం ఇచ్చి, ఆ సొమ్మును యజమాని పేరు మీద కొడుకు నుంచి వసూలు చేయడానికి దావా వేసింది. అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభలో ముగ్గురు న్యాయమూర్తులు అవునని, ఇద్దరు కాదని అన్నారు. కంపెనీ గెలిచింది. కానీ తండ్రికి ఇచ్చినది కొడుకు నుంచి లాక్కోవడం చూసి అక్కడి జనం ఎంతగా నొచ్చుకున్నారంటే, కుమ్మక్కు గానీ, కావాలని చేసిన దుశ్చర్య గానీ లేనిదే ఉద్యోగుల మీద అలాంటి దావాలు వేయబోమని బీమా కంపెనీలే తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. దావా గెలిచిన కంపెనీలే వదులుకున్న హక్కును మనం పాల పుస్తకంలో రాసుకొని నెలనెలా వాడుకుంటున్నాం.

మన దేశంలోనూ జీతం కోతకు హద్దులు లేకపోలేదు. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే నేరుగా నష్టం జరిగి ఉండాలి, కోత నష్టాన్ని మించకూడదు, కోసే ముందు తన సంజాయిషీ చెప్పుకునే అవకాశం అతనికి ఇవ్వాలి. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ ఇదే సూత్రం ఉంది. ఆ రక్షణ సంస్థల్లో పనిచేసేవారి కోసం రాసినది. ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. పని గంటలూ అంతే. బస్సు, లారీ రవాణా సంస్థల డ్రైవర్లకు 1961 నాటి చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. ఇంటి డ్రైవరుకు హద్దు మన పెళ్లిళ్లు, మన విమానాల వేళలు. మా డ్రైవరుకు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చి ఉంటే, అతను చెప్పవలసింది ఒక్క మాటే: రాత్రి పన్నెండున్నరకు వదిలి నాలుగింటికి రమ్మన్నది మీరే కదా అని. అతను అనలేదు, మేము అడగలేదు. ఆ ప్రమాదంలో సగం తప్పు మాది. కోసింది మాత్రం పూర్తిగా అతని జీతం.

తాగి నడిపితే, చెప్పకుండా బండిని తన సొంత పని మీద తీసుకుపోతే ఏమిటని మా సమావేశంలో అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. తాగి నడిపినప్పుడు కారు నష్టానికి బీమా రాదు. అలాంటి మనిషి నష్టానికి జవాబు చెప్పవలసిందే, పనిలోంచి తీసేయడానికీ నేను అడ్డు చెప్పను. యజమాని పని కాని దానిలో జరిగిన ప్రమాదానికి యజమాని బాధ్యుడు కాడని సుప్రీంకోర్టు 1966లోనే సీతారాం మోతీలాల్ కలాల్ కేసులో చెప్పింది. నేను మాట్లాడుతున్నది ఆ కొద్దిమంది గురించి కాదు. మన పని మీద, మనం చెప్పిన వేళకు, మన సందుల్లో, మన ఇరుకు సెల్లార్లలో, మధ్యలో మన ఫోన్లు ఎత్తుతూ, "ఎక్కడున్నావ్, ఇంకా ఎంతసేపు" అన్న మన గొంతు వింటూ నడిపే మనిషి చేతిలో ఎప్పుడో ఒకసారి జరిగే పొరపాటు గురించి. అదే పొరపాటు మా అబ్బాయి చేతిలోనూ రెండుసార్లు జరిగింది. అప్పుడు పుస్తకంలో ఎవరమూ ఏమీ రాయలేదు.

ఇప్పుడు మా దగ్గర వేరే మనిషి పనిచేస్తున్నాడు. అతను చేరిన రోజే ఒక కాగితం మీద తెలుగులో నాలుగు మాటలు రాసుకొని ఇద్దరం సంతకాలు పెట్టాం. పొరపాటున జరిగే నష్టానికి జీతం కోత ఉండదు. తాగి నడిపితే, చెప్పకుండా తీసుకుపోతే ఆ నష్టం అతనిది. రాత్రి పదకొండు దాటితే మరునాడు ఉదయం తొమ్మిదికి ముందు పిలవం, అత్యవసరమైతే క్యాబు పిలుచుకుంటాం. ఎంత చిన్న గీత పడినా అదే రోజు చెప్పాలి, చెప్పినందుకు మాట పడదు. ఈ చివరి మాటే అన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చింది. ఇంతకు ముందు జీతం పోతుందన్న భయంతో గీతలు దాచేవాళ్లు, బ్రేకు అరుస్తోందని చెప్పడానికి కూడా జంకేవాళ్లు.

పాత డ్రైవరుకు కోసిన 14,000 రూపాయలు అతని నంబరు కనుక్కొని ఈ సంక్రాంతికి పంపించాం. అతను వెంటనే ఫోన్ చేసి, "ఇవి ఏ డబ్బులమ్మా, పొరపాటున నాకు వచ్చినట్టున్నాయి, తిరిగి పంపనా" అని అడిగాడు. ఏడు నెలల కోత అతనికి గుర్తు లేక కాదు. అవి తిరిగి వస్తాయని ఊహించలేదు, అంతే.

ఇంటి పనివారి హక్కుల రక్షణకు చట్టం అవసరాన్ని పరిశీలించేందుకు నిపుణుల కమిటీ వేయాలని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. వంట మనుషులు, ఇల్లు ఊడ్చేవారు, పిల్లల్ని చూసుకునే ఆయాల గురించి మాట్లాడేటప్పుడు ఇంటి డ్రైవర్లనూ, వాచ్‌మన్లనూ ఆ లెక్కలో చేర్చాలని నా మనవి. సంస్థల్లో వర్తించే జీతం కోత నిబంధనలు ఇళ్లకూ వర్తించాలి. బీమా ఉన్న నష్టానికి జీతం కోయడాన్ని పూర్తిగా నిషేధించాలి. డ్రైవరు పట్ల బాధ్యతకు కట్టే ఆ 50 రూపాయలను ఇష్టమైతే కట్టే వరుసలోంచి తీసి, ప్రతి ప్రైవేటు కారు పాలసీలోనూ తప్పనిసరి చేయాలి. అంతవరకు, ఈ ఉత్తరం చదివిన కారు యజమానులు తమ పాలసీ తీసి ఆ వరుస ఎదురుగా ఏ అంకె ఉందో ఈరోజే చూడాలని కోరుతున్నాను. వచ్చే నెల మా సంఘం సమావేశానికి ఈ పత్రిక కాగితాన్నే పట్టుకెళ్తాను.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని,
హైదరాబాద్